ఆయాసం రాని వేగం

“మామయ్యా, ఏమన్న మాట్లాడున్రి,” అంది సూర్యకళ.

సీతారామయ్య పలకలేదు. ఉప్పల్ రోడ్డు మీద ఎదురుగాలికి తల వంచి సైకిల్ తొక్కుతున్నాడు. సూర్యకళ గబగబా తొక్కి ఆయన పక్కకు వచ్చింది.

“మిమ్మల్నే మామయ్యా. ఆయాసమొస్తున్నదా?”

“లేదు బిడ్డా. ఏం మాట్లాడాల్నో తోచక ఊకున్న. నువ్వు అడుగు, నేను చెప్త.”

ఈ తతంగమంతా డాక్టర్ భూషణం చలవ. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన సీతారామయ్యను, చిన్ననాటి స్నేహితుడైన భూషణం ఒకనాడు పరీక్ష చేసి, ఇంట్లో అందరి ముందూ చెప్పేశాడు. గుండె బలహీనంగా ఉంది, మందులకన్నా సైకిలే మేలు అని. భూషణమూ రైల్వే డాక్టరే, వయసులో ఉండగా రైల్వే జట్టు తరఫున సైకిల్ పందాలు తొక్కినవాడు. ఏ రోగానికైనా వైద్యం సగం, సైకిల్ సగం కలిపి చెప్పడం ఆయనకు అలవాటు.

“ఉరకొద్దు. పందెం తొక్కేటోళ్లు సుత మొదట కొన్ని నెలలు నిమ్మలంగనే తొక్కుతరు. దూరం పెంచాలె గని వేగం పెంచొద్దు. గదే పునాది. పక్కన మనిషితోని ముచ్చట వెట్టుకుంట తొక్కాలె. మాట తెగిందంటే గుండెకు బరువైందని లెక్క. గందుకే ఒంటరిగ పంపొద్దు,” అన్నాడు.

పక్కన మనిషి ఎవరు? కొడుకు ఉమామహేశ్వర్ భూగర్భ పరిశోధన ఉద్యోగంలో ఎప్పుడూ క్యాంపుల్లోనే ఉంటాడు. భార్య అనంతలక్ష్మి సైకిల్‌ను తుడవడమే తప్ప ఎక్కి ఎరగదు. మిగిలింది, జనగామలో కాలేజీకి సైకిల్ మీద వెళ్లిన కోడలు సూర్యకళ. చిక్కల్లా ఒక్కటే. తల్లి పోయినప్పటి నుంచి ఆ పిల్ల ‘ఊ’, ‘ఆ’ తప్ప మాట్లాడటం మానేసింది. ఇంట్లో అందరికన్నా తక్కువ మాట్లాడే మనిషి నెత్తిన మాట్లాడించే పని పడింది. తప్పుతుందా? మామగారి ప్రాణం తన నోటి మీద ఆధారపడి ఉందాయె.

మామా కోడలూ జంటగా సైకిళ్లెక్కి బయల్దేరితే నాచారంలో వాళ్ల వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. ఎదురింటి తారామణి అయితే పొయ్యి మీద పాలగిన్నెనే మరిచిపోయింది. మొదట్లో సూర్యకళ సిగ్గుతో చచ్చిపోయేది. రాను రాను వీధి సంగతే పట్టించుకోవడం మానేసింది. ఆమె చెవులెప్పుడూ మామగారి ఊపిరి మీదే.

ఆ రోజూ ఎదురుగాలిలో అలాగే అడిగింది. ఆయన గార్డు కథలు చెప్పుకుంటూ పోయాడు. ఉప్పల్ దాటి ద్రాక్షతోటల దగ్గరికి వచ్చేసరికి కథలు అడుగంటాయి.

“నా దగ్గర ఇంకేం మిగల్లేదు బిడ్డా. ఇగ నువ్వు చెప్పు, నేను అడుగుత. అడిగేది సుత మాటనే గద.”

“చెప్పనీకి నాకేం తెలుసు మామయ్యా?”

“మీ అమ్మ సర్వపిండి మస్తు చేస్తుండె. ఎట్ల చేస్తుండె?”

సూర్యకళ నోరు మూతపడింది. ఆమె నోరు మూతపడితే చాలు, ఆయన చెయ్యి ఛాతీ మీదికి పోయేది. ఇప్పుడూ పోయింది. ఆమెకు కంగారు పుట్టింది.

“బియ్యప్పిండిల శనగపప్పు నానవెట్టి వేస్తుండె,” అంది గబగబా. “నువ్వులు, పల్లీలు…”

“ఎల్లిపాయ?”

“వేస్తుండె. గంజు లోపల చుట్టూ ఒత్తి, వేలుతోని పొక్కలు వెట్టాలె. ఆ పొక్కలు మాత్రం నన్నే వెట్టమంటుండె…”

కన్నీళ్లు గాలికి చెవుల వైపు జారాయి. సీతారామయ్య ఆమె వైపు చూడలేదు.

“పొక్కలెందుకు?” అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

“నూనె పోయనీకి,” అంది ఏడుస్తూనే, తొక్కుతూనే.

ఆ రోజుతో గండి పడింది. తల్లి తిట్లు, తల్లి పాటలు, ఆఖరి రోజుల్లో దవాఖానాలో ఆమె అడిగిన మామిడికాయ తొక్కు, అన్నీ బోడుప్పల్ రోడ్డు మీదా ఘట్‌కేసర్ రోడ్డు మీదా బయటపడ్డాయి. ఇంటికొచ్చినా ఆమె నోరు ఆగడం లేదు. “ఇప్పుడు ఇల్లు ఇల్లు లెక్కున్నది,” అంది అనంతలక్ష్మి. సూర్యకళ అదేమీ గమనించలేదు. ఎంత దూరం పోయినా మామయ్యకు ఆయాసం రావడం లేదు, అదే ఆమె సంతోషం. ఆ తృప్తితో నిద్ర కూడా బాగా పడుతోంది.

వేసవి వచ్చేలోగా కీసర గుట్ట ఎక్కాలన్నాడు డాక్టర్. అదే అసలు పరీక్ష అని చెప్పి, భూషణం ఆ రోజు స్కూటర్ మీద ముందే పైకి వెళ్లి కూర్చున్నాడు. ఎత్తు మొదలవగానే సీతారామయ్య మాట ఆగింది.

“దిగున్రి మామయ్యా, నడుద్దాం. గుట్ట ఎటూ పోదు.”

“ఎక్కుత తియ్యి.”

“వద్దు. అమ్మ పోయింది. ఇంకొకరిని పోగొట్టుకునే ధైర్యం నాకు లేదు.”

అనేశాక ఆమెకే సిగ్గేసింది. సీతారామయ్య తల తిప్పి ఆమె వైపు చూశాడు.

“నాకేం కాదు బిడ్డా. ఆ తారామణి పాల ముచ్చట మళ్లొకసారి చెప్పు, ఎక్కేస్త.”

చెప్పింది. తారామణి గొంతు అనుకరించి మరీ చెప్పింది. ఇద్దరూ నవ్వుకుంటూ పైకి చేరారు.

భూషణం స్నేహితుడి మణికట్టు పట్టుకుని చాలాసేపు నాడి చూశాడు. సూర్యకళ రెండడుగులు దగ్గరికి జరిగింది.

“గుర్రం లెక్కున్నడమ్మా మీ మామ,” అన్నాడు.

సూర్యకళ మొహం విప్పారింది. కొబ్బరికాయ కొట్టి వస్తానని గుడి వైపు పరుగెత్తి, దారిలో పూలమ్మే మనిషితో ముచ్చట మొదలుపెట్టింది.

భూషణం అటే చూస్తూ, “ఇగ చెప్పేద్దామారా?” అన్నాడు.

“జర ఆగు. వచ్చే నెల భువనగిరి దాకా పోదామంటున్నది,” అన్నాడు సీతారామయ్య.

ఆయన గుండెకు ఏనాడూ ఏ జబ్బూ లేదు.