నాన్నమ్మ మోకాలు

శనివారం ఉదయం సంచి సర్దుకుని, నాన్నమ్మ ముందు అరచేతులు చాచి కూర్చున్నాను. ఫోనులో వాతావరణం ఎంత బాగున్నా సరే, పెద్దల దీవెన లేకుండా మా కిర్గిజ్ కొండల ఊరు కారకోల్‌లో ఎవరూ కొండదారి పట్టరు.

కురిసిన మంచు గట్టిపడి, కొత్త మంచు పడని వారం దొరికితేనే కొండల్లో నా సైకిలు సాగుతుంది. ఈ చలికాలంలో ఇదివరకు అలాంటి వారాలు మూడొచ్చాయి. మూడుసార్లూ నాన్నమ్మ దీవించలేదు.

"మోకాలు సలుపుతోందిరా," అంది నాలుగోసారి కూడా. "పెద్ద మంచు పడుతుంది. వచ్చే వారం చూద్దాం."

"ఆకాశంలో మబ్బు తునక లేదు నాన్నమ్మా. పోయిన మూడుసార్లూ ఇదే చెప్పావు. రవ్వంత మంచు కూడా పడలేదు."

"నీ ఫోనుకి మోకాళ్లున్నాయట్రా, ఎసెన్?"

ఆమె మోకాలికి గొర్రె కొవ్వు రాసి, కనీసం సైకిలైనా తుడుద్దామని కొట్టంలోకి వెళ్లాను. వారమంతా నేను బడిలో పాఠాలు చెప్పుకుంటుంటే అది అక్కడే పడి ఉంటుంది.

సీటు జానెడు కిందికి దించి ఉంది. చక్రాలకి తడి బురద. హ్యాండిలుకి మా పాలక్యాను వేలాడుతోంది.

తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాను. నాన్నమ్మ నా మొహం చూసి, తాపీగా టీ పోసింది.

"ముందు ఆ బ్రేకులు బిగించరా," అంది. "బజారు పల్లంలో అవి పట్టక కాలు నేలకి ఆనిస్తున్నా. మోకాలు సలపక ఏం చేస్తుంది?"