జారని ముడి

"కదలకే తల్లీ, మళ్లీ జారిపోతోంది!"

"నేను కదల్లేదు నాన్నా. నీకే పట్టు చిక్కట్లేదు."

అదీ నిజమే. ఎంత ఎత్తు భవనంలోనైనా బెదురూ బెరుకూ లేకుండా లిఫ్టు బాగుచేసి వచ్చే మెకానిక్కు, ఎనిమిదేళ్ల కూతురి జుట్టు దగ్గర చెమటలు పడుతున్నాయి. ఇనుప తీగలైనా చెప్పిన మాట వింటాయి గానీ ఈ జుట్టు వినదు. ఇటు పట్టుకుంటే అటు, అటు పట్టుకుంటే ఇటు జారుతూ ముప్పుతిప్పలు పెడుతోంది.

చిట్టి వంటింట్లో ఎత్తు స్టూలు మీద కూర్చుంది. ఒళ్లో పిన్నుల డబ్బా, సన్నటి నెట్టు. బ్యాలే క్లాసుకి వెళ్లే పిల్ల తల మీద ముడి నున్నగా, బిగుతుగా ఉండాలి. ఎంత గిర్రున తిరిగినా ఊడకూడదు. ఊడేలా ఉంటే టీచర్ లోపలికి రానివ్వదు, బయట బెంచీ మీద కూర్చోబెడుతుంది. పోయిన శనివారం చిట్టి క్లాసు అయ్యేదాకా ఆ బెంచీ మీదే కూర్చుని, అద్దం తలుపులోంచి మిగతా పిల్లల్ని చూస్తూ ఉండిపోయింది. ఇవాళ స్టేజీ ప్రదర్శనకి పిల్లల్ని ఎంచుకుంటారు. ఇవాళ కూడా బెంచీ ఎక్కితే ఈ ఏడాదికి ఇక అంతే సంగతులు.

"ముందు పిలక గట్టిగా కట్టి, మెలిపెట్టి, అప్పుడు చుట్టాలి."

"అదే కదా చేస్తున్నా."

"నువ్వు చుట్టేశాక మెలిపెడుతున్నావు."

మళ్లీ విప్పాడు. మళ్లీ దువ్వాడు. చిక్కు తగిలి పాప "అబ్బా!" అంది.

"అమ్మ వేస్తే అస్సలు నొప్పే పుట్టేది కాదు."

దువ్వెన ఆగిపోయింది. నోరు జారానని పాపకి వెంటనే తెలిసింది. తలొంచుకుని పిన్నుల డబ్బా మూత తీస్తూ, పెడుతూ కూర్చుంది.

"అమ్మ ఇక్కడ లేదుగా చిట్టీ. ఎలాగోలా నాతోనే సర్దుకోవాలి."

"సర్దుకుంటాలే," అంది చిట్టి పెద్ద ఆరిందాలా.

అతనికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. పోయిన వారం టీచర్ అందరి ముందూ అన్న మాట ఇంకా చెవిలో గింగురుమంటోంది. "ఇది మీ వల్ల అయ్యే పని కాదేమో, ఆలోచించుకోండి." ఆ ఉక్రోషంతో వారమంతా పని దగ్గర, తీరిక దొరికినప్పుడల్లా నేల తుడిచే కర్ర కుచ్చుకి ముడి వేయడం నేర్చుకున్నాడు. "ఏం బావా, పెళ్లికూతురు ఎంతవరకు ముస్తాబైంది?" అని తోటివాళ్లు పడీ పడీ నవ్వారు. నవ్వితే నవ్వారు.

"ఆవిడకి అసలు మనసంటూ ఉందా?" అన్నాడు నెట్టు తొడుగుతూ.

"టీచర్‌ని ఏమీ అనకు నాన్నా. అందరికీ ఒకటే రూలు."

"చిన్నపిల్ల ఏడుస్తున్నా కరగదా?"

"క్లాసులో ఏడవకూడదు. అదీ రూలే."

ఆఖరి పిన్ను గుచ్చాక ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. పాప తల ఊపింది. ముడి నిలబడింది. ఇక పరుగే పరుగు. వీధి మలుపులో ఈదురుగాలి కొడితే, పాలగిన్నె మీద మూత పెట్టినట్టు ఆ తల మీద అరచెయ్యి అడ్డుపెట్టి నడిపించాడు.

హాలు గుమ్మంలో ఇంకో పిల్ల తల్లి ఎదురైంది. ముడి వైపు జాలిగా చూసింది.

"ఇలా రామ్మా, నేను సరిచేస్తా. ఆవిడ సంగతి తెలుసు కదండీ!"

"వద్దండీ. నేను వేసిందే ఉండనివ్వండి."

"మీకెందుకండీ ఇంత పంతం?"

అతను చిట్టి చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాడు. అది పంతం కాదు, భయం. తల్లి లేని ఇంట్లో పిల్ల ఎలా పెరుగుతోందో అందరూ ఆ తల చూసే తేల్చేస్తారు. "పాపం, మగవాడు, అతని వల్ల ఏమవుతుంది?" అంటారు. ఆ మాట చిట్టి చెవిన పడకూడదు.

టీచర్ రాగానే హాల్లో గోల అణిగిపోయింది. ఆ గుమ్మం దాటాక ఆంటీ, అత్తా, పిన్నీ లాంటి పిలుపులేవీ చెల్లవు. ఎంతటి చుట్టాల పిల్లలైనా "టీచర్" అనాల్సిందే. వరసలో నిలబడ్డ పిల్లల వెనక ఆమె మెల్లగా నడుస్తోంది. ఒక పిల్ల చెవి పక్కన పాయ వేలాడుతోంది. టీచర్ వేలితో బయటి బెంచీ వైపు చూపించింది. ఆ పిల్ల ముఖం మాడ్చుకుని వెళ్లిపోయింది.

చిట్టి వెనక ఆగింది. ముడిని రెండు వేళ్లతో నొక్కి చూసింది.

"గిర్రున తిరుగు."

తిరిగింది.

"మళ్లీ. ఇప్పుడు గెంతు."

గెంతింది. ఇంకెవర్నీ ఇంతలా పరీక్షించలేదు. గోడవారగా కూర్చున్న అతనికి ఒళ్లు మండింది. లేచి అడిగేద్దామనుకున్నాడు గానీ, చిట్టి కోసం ఆగాడు. ముడి మాత్రం ఇసుమంతైనా జారలేదు.

"ఎవరు వేశారు?"

"నాన్నే, టీచర్."

 ఆమె ముడి మీద మళ్లీ చెయ్యి వేసింది.

"నొప్పి పుట్టిందా?"

"కొంచెమే."

టీచర్ తలెత్తి ఆ రోజు మొదటిసారి అతని వైపు చూసింది. వెంటనే చూపు తిప్పుకుంది.

"బాగా వేశారు," అంది. "వెళ్లి ముందు వరసలో నిలబడు."

ఆ సంతోషంలో చిట్టి రూలూ గీలూ అన్నీ మర్చిపోయి టీచర్ చెయ్యి పట్టుకుంది.

"చూశావా అమ్మా, నీలా ముడి వేయడం నాన్నకీ వచ్చేసింది!"