కిటికీ తగాదా

"మళ్లీ తెరిచావా? చంటిదానికి జలుబు చేస్తే పూచీ నీదే!" అత్తగారు కిటికీ ధడాలున మూసింది.

కోడలు మళ్లీ తెరిచింది. గదిలోని గ్యాసు హీటరు వెలిగితే చాలు, ఆమెకి తల దిమ్మెక్కేది, గదిలో కాలు నిలిచేది కాదు. చెబితే ఇంట్లో అందరూ వంకలన్నారు.

సర్వీసింగుకి వచ్చిన మెకానిక్ హీటరు విప్పి చూసి, గబుక్కున గ్యాసు కట్టేశాడు.

"పొగగొట్టం చిట్లి, విషవాయువు గదిలోకి వస్తోందమ్మా. దానికి వాసన కూడా ఉండదు. కొత్త హీటరు బిగించేదాకా దీన్ని ముట్టుకోకండి. ఇన్నాళ్లూ కిటికీలన్నీ మూసుకునే పడుకున్నారా?"

"మా కోడలు మూయనిస్తేగా..." అంటూనే అత్తగారు ఆగిపోయింది.

ఆమె చూపు ఉయ్యాలలో నిద్రపోతున్న మనవరాలి మీదికి వెళ్లింది.

"నువ్వు కూర్చోవే అమ్మాయ్," అంది, తన శాలువా తీసి కోడలికి కప్పుతూ. "ముందు నిన్ను డాక్టరుకి చూపిద్దాం."