తొమ్మిది వేల కిలోమీటర్లు

ఫిబ్రవరి పదకొండు, బుధవారం. ఉదయం పెసరట్టు, అల్లం పచ్చడి. గణేశ్వరరావే పోశాడు. భార్య వరహాలక్ష్మి ఒకటి తిని, బాగుందని ఇంకో సగం వేయించుకుంది.

పది గంటలకు ఆమె గుండె ఆగిపోయింది.

ఆ సగం అట్టు అడిగి తిన్నందుకు అతను దేవుడికి దండం పెట్టుకున్నాడు.

పుట్టింటి వైపు ఆమెకు మిగిలింది చెల్లెలు నూకరత్నం ఒక్కతే. మెల్బోర్న్‌లో నర్సు. ఫోన్ చేయబోతుంటే పక్కింటి కామమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"సీరియస్సని సెప్పు బాబూ. పోయిందని సెప్పకు. అంత దూరం ఒక్కత్తీ ఎలా వత్తాది?"

దూరం నుంచి వచ్చేవాళ్లకు చావు కబురు దారిలో చెప్పరు. గణేశ్వరరావుకు అబద్ధం చెప్పడం రాదు. అయినా చెప్పాడు.

"అక్కకి సీరియస్‌గా ఉంది రత్నం. బయల్దేరి రా."



"ఇప్పుడు నిద్రలో ఉందా?"

"ఆ."

"లేపకు బావా. పడుకోనీ. వస్తన్నాను."

నమ్మింది. అతను ఊపిరి పీల్చుకున్నాడు.

ఫోన్‌లో దూరం చూశాడు. మెల్బోర్న్ నుంచి విశాఖ దాదాపు తొమ్మిది వేల కిలోమీటర్లు. గాల్లోనే పన్నెండు గంటలు. మధ్యలో సింగపూర్‌లో ఇంకో పన్నెండు గంటల పడిగాపులు. విశాఖ నుంచి నర్సీపట్నం కారులో రెండున్నర గంటలు. అంతసేపూ ఆ అబద్ధం నిలబడాలి.

ఫ్రీజర్ బాక్సు తెప్పించారు.

"మరి పుట్టింటి చీర?" అంది కామమ్మ.

పసుపు కుంకుమలతో పోయిన మనిషికి ఆఖరి చీర పుట్టింటివాళ్లే తేవాలి. సంగతే తెలియని రత్నం ఎలా తెస్తుంది? గణేశ్వరరావు బజారుకు వెళ్లి ఎర్రంచు చీర కొని బీరువాలో దాచాడు. వచ్చాక ఆమె చేతికిచ్చి కప్పించవచ్చు.

మర్నాడు మధ్యాహ్నం సింగపూర్ నుంచి ఫోన్ వచ్చింది. లోపలి ఏడుపులు వినబడకుండా నూతి దగ్గరికి వెళ్లి మాట్లాడాడు.

"ఎలాగుంది బావా?"

"అలాగే ఉంది. ఇందాక నిన్నే అడిగింది."

"అడిగిందా?" అంది. "నువ్వేటి తిన్నావు?"

"తింటాను."

"ఏదో ఒకటి తిను. లేదంటే అక్క లేచి నన్ను తిడతాది."

ఎయిర్‌పోర్టు ఏసీలో చలిగా ఉందా అని అడిగాడు. ఉందట. స్వెటర్ పెట్టెలో ఉండిపోయిందట. పెట్టె మెల్బోర్న్‌లోనే అప్పగించేసింది, మళ్లీ విశాఖలోనే చేతికొస్తుంది.

"ఈ పడిగాపులు చూస్తే మన కొయ్యూరు బస్సే నయం బావా" అంది.

అతను నవ్వాడు. నిన్నటి నుంచి అదే మొదటి నవ్వు. ఫోన్ పెట్టేసి, కామమ్మ తెచ్చిన ఇడ్లీలు రెండు తిన్నాడు.

దారిలో ఏమీ చెప్పొద్దని డ్రైవర్ మత్స్యరాజుకు గట్టిగా చెప్పి పంపాడు. రాత్రి తొమ్మిదిన్నరకు కారు వీధి మొదట్లో కనబడగానే బీరువాలోంచి చీర తీసి, వీపు వెనక పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పాల్సిన మాట మనసులో పదిసార్లు అనుకున్నాడు.

రత్నం దిగింది.

"రత్నం..." అన్నాడు. 

ఆమె మెల్బోర్న్‌లో తాళం వేసిన పెట్టెను గుమ్మంలోనే తెరిచి, అన్నిటికన్నా పైన పసుపు కుంకుమల పొట్లంతో సహా మడిచి పెట్టుకున్న కొత్త చీర తీసుకుని, అక్క ఉన్న గదిలోకి వెళ్లి చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.