పొగమంచులో అప్పగింత

ఆ లోయలో పొగమంచు ఎప్పుడూ వీడదు. పట్టపగలు కూడా ఎవరి కాళ్లు వాళ్లకు కనపడవు. అందుకే అక్కడి పిట్టలు ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి. లోయను వాటాలు వేసుకుని, వాటాకొక పిట్ట కూతపెడుతూ బాటసారిని నడిపిస్తుంది. తన కూత అందని చోటు రాగానే పక్క పిట్టకు అప్పగిస్తుంది. పక్కపక్క వాటాల్లో మాత్రం ఒకే కూత కూయకూడదు. కూస్తే బాటసారికి ఎటు పోవాలో తెలియదు.

చుక్కమ్మ అనే దుప్పి అవతలి గట్టున ఉన్న తన పిల్ల కోసం జెముడుకాకి కూత పట్టుకుని నడుస్తోంది.

"నా వాటా అయిపోవచ్చింది చుక్కమ్మా," అంది జెముడుకాకి. "ముందు గోరింక ఉంది. అది నిన్ను అందుకున్నాకే నేను ఆపుతాను."

"అందుకున్నాను, పంపెయ్," అని ముందునుంచి వినిపించింది.

జెముడుకాకి నోరు మూసుకుంది. అప్పగించాక మళ్లీ పలకడం వాటి కట్టుబాటులో లేదు.

"గుప్, గుప్" అని ముందునుంచి కూత మొదలైంది. ఎరిగిన కూతే కదా అని చుక్కమ్మ ప్రాణం కుదుటపడి గబగబా నడిచింది. కాస్త దూరం పోయాక టక్కున ఆగింది. అది జెముడుకాకి కూత. గోరింక అలా కూయదు, కూయకూడదు.

"జెముడక్కా!" అని వెనక్కి పిలిచింది. పలుకు లేదు.

ముందుకు తిరిగి అడిగింది. "గోరింకమ్మా, నీ తర్వాత నన్ను ఎవరికి అప్పగిస్తావు?"

కూత ఆగింది. చెవి పక్కనే వెచ్చటి ఊపిరి తగిలింది.

"ఇంకెవరికీ అప్పగించను తల్లీ."