ఎనభై ఒకటో కిలోమీటరు

రెండు గంటల్లో ఇరవై కిలోమీటర్లు. నెవిల్ సైకిల్ ఆపి వెనక్కి చూశాడు. ట్రెవర్ ఇంకా ఇసుకలో సైకిల్ తోసుకుంటూ వస్తున్నాడు.

మారీ ఊరు దాటాక తారు లేదు. రోడ్డు రేకుల కప్పులా గట్లు గట్లుగా ఉంది. గట్లు అయిపోయిన చోట ఇసుక. గాలి ఉత్తరం నుంచి, సరిగ్గా ముఖానికే కొడుతోంది. ఈగలు కళ్లు వదలడం లేదు.

"ఏం మోస్తున్నావురా ఆ సంచిలో? రైలు పట్టా కోసుకొచ్చావా?" అని అరిచాడు నెవిల్.

ట్రెవర్‌కి మాట్లాడే ఊపిరి లేదు. చెయ్యి ఊపాడు.

ఇద్దరూ ఆస్ట్రేలియాలోని పోర్ట్ అగస్టా రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఒక్కేళ్లు పక్కపక్కనే పనిచేశారు. ఇప్పుడు నెవిల్‌కి అరవై ఏడు, ట్రెవర్‌కి అరవై ఆరు. సైకిల్ మీద ఎడారి దాటి బర్డ్స్‌విల్ ఊరు చేరాలని నెవిల్ పదకొండేళ్లుగా అంటున్నాడు. ఈ జూలైలోనే పోదామని పట్టుబట్టింది మాత్రం ట్రెవర్.

దారిలో నీళ్లు దొరికే మొదటి చోటు, ఒక పబ్బు, రెండు వందల కిలోమీటర్ల అవతల. అక్కడిదాకా సీసాల్లో పట్టే నీళ్లు చాలవు. అందుకే ఈ దారిన సైకిల్ తొక్కేవాళ్లు ముందే జీపులో వచ్చి నీళ్లు పాతిపెట్టుకుని పోతారు. వీళ్లూ అంతే. పది లీటర్ల డబ్బాలు రెండు. మారీ నుంచి ఎనభై ఒకటో కిలోమీటరు, ఎడమ పక్క. అవి దొరక్కపోతే రేపు వెనక్కి తిరగాల్సిందే.

పదకొండింటికి ట్రెవర్ సైకిల్ వెనక క్యారియర్ బోల్టు తెగింది. నెవిల్ తిట్టుకుంటూ వెనక్కి వచ్చాడు. తీగతో బిగించి కట్టాడు. బరువు తగ్గిద్దామని సంచి జిప్ పట్టుకున్నాడు.

"దాన్ని ముట్టుకోకు," అన్నాడు ట్రెవర్.

"ఏం, బంగారముందా?"

"నా సంచి. నేనే మోసుకుంటా."

"మోసుకో. నడుం పడిపోతే నన్ను పిలవకు."

మధ్యాహ్నం సైకిళ్ల నీడలో కూర్చుని రొట్టె, డబ్బా చేపలు తిన్నారు. ఫోర్‌మన్ గూడ్సు పెట్టెలో ఇరుక్కుని రాత్రంతా తలుపు బాదిన కథ చెప్పాడు నెవిల్. పొద్దున టిఫిన్ దగ్గర కూడా అదే చెప్పాడు. ట్రెవర్ రెండోసారీ నవ్వాడు.

తర్వాత ట్రెవర్ రెండుసార్లు పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. నెవిల్ ఆగలేదు.

నెవిల్ ఎనభై ఒకటో కిలోమీటరు చేరేసరికి మూడుంబావు. ట్రెవర్ వచ్చేసరికి నాలుగు. అప్పటికి నెవిల్ చేతిపారతో నాలుగు గుంతలు తవ్వాడు.

"ఎక్కడ పాతావురా?"

ట్రెవర్ సైకిల్ని నేల మీద పడుకోబెట్టాడు. "ఎడమ పక్కే."

"ఎడమ పక్క తవ్వా. కుడి పక్కా తవ్వా. రాయో రప్పో, ఏదైనా గుర్తు పెట్టావా?"

"ఉండు, చూద్దాం."

ఇద్దరూ ఇంకో గంట తవ్వారు. అటు వంద అడుగులు, ఇటు వంద అడుగులు. మొత్తం పదకొండు గుంతలు. డబ్బాలు లేవు.

నెవిల్ సీసా ఊపి చూశాడు. అడుగున గుక్కెడు ఉంది. నేల మీద కూలబడ్డాడు.

"పదకొండేళ్లు. మొదటి రోజే వెనక్కి."

ట్రెవర్ లేచి తన సంచి జిప్ తీశాడు. ఒక్కొక్కటే బయట పెట్టాడు. రెండు లీటర్ల నీళ్ల తిత్తులు, ఎనిమిది.

"వెనక్కి అక్కర్లేదు. పబ్బుదాకా సరిపోతాయి."

నెవిల్ వాటి వైపు చూశాడు. తర్వాత ట్రెవర్ వైపు.

"అంటే నీకు ముందే తెలుసు."

ట్రెవర్ సంచి జిప్ మూశాడు.

"ఇక్కడ ఏమీ లేదని పొద్దున్నే తెలుసు నీకు. అసలు నువ్వు ఇక్కడికి రానేలేదు కదరా? ఇంట్లో కూర్చుని, పాతేశానని కోతలు కోశావు. ఇప్పుడు నాతోపాటు తవ్వినట్టు నటించావు కూడా."

"తప్పు నాదే, నెవ్."

"నీది కాక నాదా?"

నెవిల్ నాలుగు తిత్తులు తీసుకున్నాడు. సైకిల్ తోసుకుంటూ వంద గజాలు పోయి ఆగాడు. అక్కణ్నుంచే అరిచాడు.

"పొద్దున నా దారి నాది. వెనక రాకు. పోర్ట్ అగస్టాలో ఎదురుపడినా పలకరించకు."

"సరే," అన్నాడు ట్రెవర్. అది నెవిల్‌కి వినపడలేదు.

పొద్దు వాలుతుండగా ట్రెవర్ దగ్గరున్న శాటిలైట్ ఫోన్ మోగింది. నెవిల్ కూతురు కెర్రీ.

"నాన్న పక్కనే ఉన్నాడా అంకుల్?"

"లేడమ్మా. అటు దూరంగా గుడారం వేసుకుంటున్నాడు. బాగానే ఉన్నాడు. నాకంటే బాగా తొక్కాడు."

"మీతో గొడవపడ్డాడా?"

"కొంచెం."

"మరి నీళ్లు?"

"నేను మోసుకొచ్చినవి ఉన్నాయి."



"అంకుల్, పోయిన నెల నాన్నే కదా జీపులో వెళ్లి ఆ డబ్బాలు పాతొచ్చాడు. ఎక్కడ పాతాడో ఇప్పుడైనా గుర్తొచ్చిందా?"