ఒక బోల్టు మిగిలింది

"నువ్వే బిగిస్తే ఆ కారవాన్‌లో నేను రాను, పిల్లల్నీ రానివ్వను" అంది టానియా.

"నేను కాకపోతే ఎవరు బిగిస్తారు? కారు నాది, కారవాన్ నాది, చేతులు నావి" అన్నాడు ఆమె మొగుడు బ్రెంట్, అట్టపెట్టె చింపుతూ.

పెట్టెలో ఉన్నది టోబార్. కారు వెనక కారవాన్‌ని తగిలించుకునే ఇనుప కొక్కెం. చూడ్డానికి కారుకి తోకలా ఉంటుంది. ఆ తోక పట్టుకునే రేపు పొద్దున్న టన్నున్నర బరువున్న ఆ చక్రాల ఇల్లు లిండిస్ కనుమ ఎక్కాలి, దిగాలి, క్రిస్మస్ సెలవులకి హావియా సరస్సు చేరాలి.

"ఊళ్ళో అది బిగించి పెట్టేవాడు ఉన్నాడుగా!"

"వాడికిచ్చే డబ్బుతో సరస్సు దగ్గర ఇంకో నాలుగు రోజులు ఉండొచ్చు."

"కొక్కెం ఊడితే ఇంకెప్పటికీ అక్కడే ఉండొచ్చు."

పెరట్లో గొడుగు కింద టీ తాగుతున్న మామగారు క్లిఫ్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. "మాది ఇనుము వంచే వంశం అమ్మాయ్! మా వాళ్ళల్లో ఇంతవరకూ ఏ మగాడూ మెకానిక్ గడప తొక్కలేదు."

మెట్ల మీద బఠాణీలు ఒలుస్తున్న అత్తగారు నైరీ కూడా అందుకుంది. "చెయ్యనీ అమ్మాయ్. మగాడి చేతిలోంచి స్పానర్ లాక్కుంటే, పసివాడి చేతిలోంచి గిలక లాక్కున్నట్టే. ఏడుపు మనమే వినాలి."

"మీరూ వాళ్ళ వైపేనా అత్తయ్యా?"

"ఈ ఇంట్లో నేనెప్పుడూ మగాళ్ళ వైపే" అంది నైరీ, మొగుడికి వినబడేంత గట్టిగా. "రా, లోపల పనుంది."

కాసేపటికి టానియా ఒక్కతే బయటికొచ్చింది. మారు మాట్లాడకుండా, బోల్టుల సంచి పక్కన మొగుడికి టీ కప్పు పెట్టి వెళ్ళిపోయింది. అలిగింది గాబోలు అనుకున్నాడు బ్రెంట్. అలిగినా టీ ఇచ్చింది కదా, చాలనుకున్నాడు.

కారు కింద దూరాడు. బంపర్ ఊడింది. దానితోపాటు నోటికొచ్చిన మాటలూ ఊడాయి. మోచెయ్యి గీరుకుంది గానీ గీర తగ్గలేదు. మధ్యాహ్నం దాటేసరికి టోబార్ ఎక్కింది. పరీక్షకి కాలితో ఒక్కటి తన్నాడు. టోబార్ కదల్లేదు, కాలే కదిలింది.

"చూశావా!" అని కుంటుతూ వచ్చి, చల్లారిపోయిన టీ కోసం కప్పు ఎత్తాడు. పక్కనున్న సంచిలో ఏదో చేతికి తగిలింది. తీసి చూశాడు.

బోల్టు. ఒకటి.

"అదేమిటి?" అంది టానియా కిటికీలోంచి.

"బోల్టు."

"ఇక్కడ మిగిలింది బోల్టు. రేపు కనుమలో బోల్తా."

బ్రెంట్ పెట్టెతో వచ్చిన కాగితం తిరగేశాడు. ఎన్ని బోల్టులో రాయలేదు, బొమ్మలే వేశారు. బొమ్మలో ఉన్న రంధ్రాలన్నిట్లోనూ బోల్టులున్నాయి. అతని చేతిలోనూ ఉంది. మొత్తం విప్పాడు. మళ్ళీ బిగించాడు. అన్ని రంధ్రాలూ నిండాయి, బోల్టు మాత్రం అలాగే మిగిలింది.

"కంగారు పడకురా" అన్నాడు క్లిఫ్. "వాషింగ్ మెషిన్ విప్పినప్పుడు నాకూ ఇలాగే ఒకటి మిగిలింది. పడవ ఇంజనుకీ మిగిలింది."

"అప్పుడేం చేశారు మావయ్యా?" అంది టానియా.

"ఎందుకైనా మంచిదని మీ అత్తయ్య మెకానిక్‌ని పిలిపించింది."

"మెకానిక్ గడప తొక్కలేదన్నారు?"

"తొక్కలేదుగా! వాడే వచ్చి మా గడప తొక్కాడు."

కారవాన్‌లో పిల్లలిద్దరూ అప్పుడే పడకల కోసం పోట్లాడుకుంటున్నారు. పై పడక నాదంటే నాదని. బ్రెంట్ ఆ గొంతులు విన్నాడు. చేతిలో బోల్టు చూసుకున్నాడు. మూతి బిగించి, కారు తాళాలూ, ఫ్రిజ్ పక్కనున్న బీరు పెట్టే పట్టుకుని ఊళ్ళోకి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి వంటింట్లో బఠాణీలు ఉడుకుతున్నాయి.

"ఏమన్నాడు?" అంది టానియా గుమ్మంలోకి వచ్చి.

"ఏ బోల్టూ తక్కువ కాలేదట. ఇదేదో సంచిలో ఎక్కువ పడిందై ఉంటుందన్నాడు."

"నేను చెప్పలా!" అన్నాడు క్లిఫ్.

"కానీ..." బ్రెంట్ గొంతు తగ్గించాడు. "లోపలివి రెండూ సరిగ్గా బిగియలేదు. వాడు చేత్తో తిప్పితే తిరిగాయి. నేనే చూశాను. కనుమ ఎక్కేలోపే ఊడేవట."

కారవాన్‌లోంచి పిల్లల నవ్వు వినబడింది.

"ఇంత పొడుగు రెంచీతో బిగించాడు. డబ్బు తీసుకోలేదు, బీరు చాలన్నాడు." బ్రెంట్ బోల్టుని అటూ ఇటూ తిప్పాడు. "ఈ దిక్కుమాలినది మిగలకపోతే నేను వెళ్ళేవాణ్ణే కాదు" అని కంచె అవతలికి విసరబోయాడు.

టానియా గబుక్కున చెయ్యి పట్టుకుంది. "పారెయ్యకు. ఇటివ్వు, లోపల పెడతాను."

వంటింట్లో నైరీ బఠాణీల నీళ్ళు వంపుతోంది. వెనక్కి తిరక్కుండానే తడిచెయ్యి చాపింది.

"ఇంక నా బోల్టు నాకిచ్చెయ్ అమ్మాయ్. రేపు మీరిలా వెళ్ళగానే మీ మావయ్య గడ్డి కోసే మిషను విప్పుతాట్ట."